ఇంటి దొంగకు తలుపు తీసేదెవరు?

హైదరాబాదులోని ఏ.పి. మహేశ్ సహకార అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో దొంగలు పడ్డారు. తాళాలు పగలలేదు, గోడకు కన్నం పడలేదు, కాపలావాడికి అలికిడి కూడా వినిపించలేదు. అయినా సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు కొన్ని ఖాతాల్లోకి, అక్కడినుంచి దేశమంతటా వ్యాపించిన వందలాది ఖాతాల్లోకి ప్రవహించిపోయాయి.

పోలీసుల దర్యాప్తులో తేలిన విషయం విచిత్రమైనది. ఈ దొంగతనానికి బీజం అంతకు రెండు నెలల ముందే, 2021 నవంబరులోనే పడింది. ఆ నెలలో బ్యాంకు ఉద్యోగులకు రెండు వందలకు పైగా ఈమెయిళ్ళు వచ్చాయి. చూడడానికి మామూలు ఉత్తరాలే. వాటిని అందుకున్నవారిలో ఇద్దరు తెరిచారు. అంతే! ఉత్తరంతోపాటు వచ్చిన ఒక చిన్న సాఫ్ట్‌వేరు వారి కంప్యూటర్లలో నిశ్శబ్దంగా తిష్ఠ వేసింది. దొంగలు ఎక్కడో కూర్చుని ఆ కంప్యూటర్లను తమ చేతిలోని వాటివలెనే నడపగలిగారు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కంప్యూటరులో చేరిన హానికరమైన సాఫ్ట్‌వేరు, అంటే మాల్‌వేరు, అచ్చంగా అటువంటి ఇంటి దొంగే. అయితే ఈ దొంగ తనంతట తాను లోపలికి రావడం అరుదు. సాధారణంగా ఎవరో ఒకరు తలుపు తీయాలి, లేదా తలుపుకున్న బీటను ఎవరూ బాగుచేయకుండా వదిలివేయాలి. మన రక్షణ అంతా ఈ రెండు సంగతులమీదనే ఆధారపడి ఉన్నది.

పేర్లు వేరు, పని వేరు

మాల్‌వేరు అనేది ఒక్క జాతి కాదు. ఒక ఫైలును అంటిపెట్టుకుని, ఆ ఫైలు ఎక్కడికి వెళ్తే అక్కడికి పాకేది వైరసు. 1986లో లాహోరుకు చెందిన ఇద్దరు సోదరులు తయారుచేసిన ‘బ్రెయిన్’ అనే వైరసు ఫ్లాపీ డిస్కుల ద్వారా అనేక దేశాలకు వ్యాపించింది. ఐబీఎం తరహా వ్యక్తిగత కంప్యూటర్లకు సోకిన తొలి వైరసుగా దానిని పేర్కొంటారు. అందులో ఆ సోదరులు తమ పేర్లు, చిరునామా, ఫోను నెంబర్లు కూడా పొందుపరిచారు. నేటి దొంగలకు అంతటి అమాయకత్వం లేదు.

మనిషి ప్రమేయం లేకుండానే ఒక యంత్రంనుంచి మరొక యంత్రానికి పాకేది ‘వర్మ్’, అంటే పురుగు. పనికివచ్చే వస్తువు వేషంలో వచ్చి లోపల శత్రువును దించేది ‘ట్రోజను’. గ్రీకుల కథలో ట్రాయ్ నగరవాసులు కొయ్య గుర్రాన్ని తామే కోటలోకి లాక్కుపోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. మనం కంప్యూటరు మీటలు నొక్కుతూ ఉంటే ఏయే అక్షరాలు నొక్కుతున్నామో రాసుకుని దొంగకు పంపేది ‘కీలాగరు’. సంకేతపదం ఎంత కఠినమైనదైనా దీని ముందు ఫలితం లేదు. ఇక మన ఫైళ్ళన్నింటికీ రహస్యలిపితో తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగేది ‘ర్యాన్సమ్‌వేరు’.

బాగుచేయని బీట

ఈ చివరి జాతి ప్రతాపాన్ని ప్రపంచం 2017 మే 12న చవిచూసింది. ‘వన్నాక్రై’ అనే ర్యాన్సమ్‌వేరు కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాలకు పాకి, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను స్తంభింపజేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. తెరమీద కనిపించినదల్లా ఒక్కటే హెచ్చరిక: మూడు వందల డాలర్లు బిట్‌కాయిన్ల రూపంలో చెల్లించండి, లేదా మీ ఫైళ్ళమీద ఆశ వదులుకోండి.

ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. వన్నాక్రై చొరబడిన బీట విండోస్‌లోనిది. దానిని పూడ్చే సవరణను మైక్రోసాఫ్టు సంస్థ 2017 మార్చి 14వ తేదీననే విడుదల చేసింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందు. ఆ సవరణను వేసుకున్న యంత్రాల్లోకి ఈ పురుగు ఆ బీటగుండా ప్రవేశించలేకపోయింది. “తర్వాత చూద్దాం” అని పక్కకు నెట్టిన యంత్రాలూ, సవరణలు అందడం మానివేసిన పాత యంత్రాలూ చిక్కుకున్నాయి.

దూరం రక్షణ కాదు

బ్యాంకులకూ ప్రభుత్వ శాఖలకూ జరిగే ఈ ఆపదలు తమదాకా రావని అనేకులు అనుకుంటారు. హైదరాబాదునుంచి వరంగల్లు, ములుగుల మీదుగా సాగే 163వ జాతీయ రహదారి గోదావరిని దాటి భోపాలపట్నం వైపు పోతుంది. ఆ దారిలో, తెలంగాణ సరిహద్దు దాటగానే, బస్తరు ప్రాంతపు అంచున తర్లగూడ ఉన్నది. అటువంటి సరిహద్దు గ్రామంలో దరఖాస్తులు నింపి, కాగితాలు అచ్చు తీసి ఇచ్చే దుకాణం ఒకటి ఉన్నదనుకుందాం. అక్కడ ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దానిలోనే చుట్టుపక్కలవారి ఆధారు ప్రతులు, కులధ్రువీకరణ పత్రాలు, పాసుపుస్తకాల నకళ్ళు. సిగ్నలు అంతంతమాత్రం కనుక సవరణలు దించుకోవడం వాయిదా పడుతూ ఉంటుంది. వచ్చిన ప్రతి పెన్‌డ్రైవూ దానికే తగిలిస్తారు. ఆ ఒక్క యంత్రం చెడితే నష్టపోయేది దుకాణదారు ఒక్కడు కాదు, తమ పత్రాలను నమ్మకంతో అతని చేతికిచ్చిన వారందరూ.

ఇంటర్నెట్టు లేకపోతే భయం లేదనుకోవడమూ పొరపాటే. ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో యంత్రాలను బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచారు. అయినా 2010లో బయటపడిన ‘స్టక్స్‌నెట్’ అనే పురుగు వాటిని చేరింది. అది పెన్‌డ్రైవుల ద్వారా పాకగలిగేలా తయారైన పురుగు. వర్మ్ చిరునామా చూసి రాదు. దానికి నగరమూ పల్లే ఒక్కటే.

మనం చేయగలిగినవి

మొదటిది, సవరణలు. కంప్యూటరు అడిగినప్పుడు అప్‌డేటును వాయిదా వేయరాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానినే వాడుతున్నవారు కొత్త విండోస్‌కు మారడమో, గడువు పొడిగించిన రక్షణ సవరణలకు నమోదు కావడమో, ఉచితంగా లభించే లినక్స్ వేసుకోవడమో చేయాలి.

రెండవది, దొంగ సరుకు. విండోస్‌నూ, ఇతర సాఫ్ట్‌వేరునూ తాళం విరిచి ఉచితంగా పంచేవారు ఆ సంచిలో ఇంకేమి వేసి ఇస్తున్నారో కొనుగోలుదారుకు తెలియదు. పైగా యాంటీవైరసును ఆపివేస్తేనే అది పనిచేస్తుందని వారు చెబుతారు. కాపలా కుక్కను కట్టివేయమని చెప్పేవాడిని ఇంట్లోకి రానిస్తామా? విండోస్‌లోనే డిఫెండరు అనే యాంటీవైరసు ఉచితంగా ఉన్నది. దానిని ఆపకుండా ఉంచితే సామాన్య అవసరాలకు చాలావరకు సరిపోతుంది.

మూడవది, తొందర. “మీ ఖాతా ఈరోజే నిలిచిపోతుంది”, “రశీదు జతచేశాము, వెంటనే చూడండి” అనే ఉత్తరాలన్నిటిలోనూ ఉండే ఉమ్మడి లక్షణం తొందరపెట్టడం. ఆలోచించే వ్యవధి ఇవ్వకపోవడమే వంచకుని పెట్టుబడి. పంపినవారిని తెలిసిన నెంబరులో ఫోను చేసి అడిగేవరకు జతచేసిన ఫైలును తెరవకండి. పెన్‌డ్రైవును కూడా యాంటీవైరసుతో పరీక్షించిన పిమ్మటనే తెరవండి.

నాలుగవది, మరో ప్రతి. ముఖ్యమైన పత్రాలు, ఛాయాచిత్రాలు వేరొక హార్డుడిస్కులో దాచి, పని కాగానే దానిని కంప్యూటరునుంచి విడదీయాలి. తగిలించి ఉంచితే ర్యాన్సమ్‌వేరు దానికీ తాళం వేస్తుంది. విడిగా ప్రతి ఉన్నవాడు దొంగ బెదిరింపుకు లొంగవలసిన పనిలేదు.

ఇంత జాగ్రత్తలోనూ యంత్రానికి మాల్‌వేరు సోకితే ముందుగా ఇంటర్నెట్టు తీగ పీకివేయండి, వైఫై ఆపండి. డబ్బు చెల్లించినా ఫైళ్ళు తిరిగివస్తాయన్న హామీ ఏదీ లేదు. ఖాతానుంచి సొమ్ము పోయినట్లయితే తక్షణం 1930 నెంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే సొమ్మును దారిలో నిలపడానికి అంత అవకాశం. మాల్‌వేరును తొలగించే ఉచిత సాధనాలను 2017లో భారత ప్రభుత్వం నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం అందజేస్తున్నది.

మహేశ్ బ్యాంకుకు 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది, సైబరు భద్రతా నియమాలు పాటించనందుకు. బ్యాంకును మందలించడానికి రిజర్వు బ్యాంకు ఉన్నది. మన ఇంటి కంప్యూటరును తనిఖీ చేయడానికి ఎవరూ రారు. కనుక ఈరోజే రెండు పనులు చేయండి: నిలిచిపోయిన అప్‌డేటు ఏదైనా ఉంటే పూర్తిచేయండి, పిల్లల ఫొటోలకూ ఇంటి పత్రాలకూ మరొక ప్రతి తీసి బీరువాలో పెట్టండి. ఈ రెండింటికీ పట్టేది ఒక సాయంత్రమే.