గడప ఫోటో ఉందా?

హంపి వెళ్లొచ్చిన ప్రతివాళ్ల ఫోన్‌లోనూ ఒక ఫోటో గ్యారంటీగా ఉంటుంది. రాతి రథం. జేబులో కొత్త యాభై నోటుంటే తీసి చూడండి, దాని వెనకా అదే. నేనూ తీశాను, డీపీ కూడా పెట్టుకున్నాను. బాగానే ఉంది. కానీ ఆ ఫోటో నేను తీయకపోయినా ఎవరికీ ఏ లోటూ లేదు. లక్షల మంది తీశారు, ఇంకా తీస్తారు. మరి ఇవాళ నేను తీయకపోతే రేపు ఇంకెవరూ తీయలేని ఫోటో ఏదైనా ఉందా? ఉంటే ఎక్కడుంది?

మా ఊళ్లో ఉంది. మాది ఏలూరు.

"ఏలూరులో ఏముంది బ్రో, ఎండా దోమలూ తప్ప" అంటారు ఆఫీసులో ఫ్రెండ్స్. ఇంజినీరింగ్ అయ్యాక నా ఉద్యోగం హైదరాబాద్‌లో. వారమంతా వేరేవాళ్లు రాసిన కోడ్‌లో బగ్స్ వెతకడమే పని. నెలకోసారి శుక్రవారం రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారేలోపే ఏలూరు ప్లాట్‌ఫామ్ మీదుంటాను. ఆ టైంలో ఇంటికెళ్లి అమ్మని లేపడం కంటే టీ తాగి కాలువ గట్టుకి వెళ్లడం మేలు. నా ఫోటోల పిచ్చి అలా మొదలైంది.

ఏలూరుని అర్థం చేసుకోవాలంటే ముందు కాలువ చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. అటు నుంచి గోదావరి కాలువ, ఇటు నుంచి కృష్ణా కాలువ వచ్చి కలిసేది మా ఊళ్లోనే. ఒకప్పుడు కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు ఈ దారిన వెళ్లేవంటే ఇప్పటివాళ్లు నమ్మరు. అటు తమ్మిలేరు, ఇటు కాలువ. ఊళ్లో ఏ వీధి ఎందుకు వంకర తిరిగిందో, ఏ ఇల్లు ఎటు ముఖం పెట్టిందో కొంతవరకూ ఈ నీళ్లే చెబుతాయి. గజ్జలవారి చెరువులో 74 అడుగుల బుద్ధుడు నిలబడి ఉంటాడు. ఆయనకి ఫోటోగ్రాఫర్ల కొరత లేదు. నేను దండం పెట్టి పాత వీధుల్లోకి వెళ్లిపోతాను.

అలాంటి ఒక వీధిలో, పేరు చెప్పను, ఒక మండువా ఇంటి ముందు నిలబడి అరుగులు ఫోటో తీస్తుంటే లోపలి నుంచి ఒక పెద్దాయన వచ్చారు.

"ఏం బాబూ, బిల్డర్ తాలూకానా? కొలతలు మొన్ననే తీసుకెళ్లారుగా."

"కాదండీ, ఊరికే ఫోటోలు తీసుకుంటున్నాను. పాత ఇళ్లంటే ఇష్టం."

"అయితే బయటెందుకూ, లోపలికి రా. రెండు నెలలు ఆగితే నీకు తీయడానికేమీ ఉండదు."

రిటైరైన మాస్టారు ఆయన. మండువా ఇల్లంటే తెలియని వాళ్ల కోసం: నాలుగు వైపులా వసారాలు, నాలుగు కప్పులూ లోపలికే వాలి ఉంటాయి, నడుమ ఆకాశం. వాన పడితే ఇంట్లోనే పడుతుంది, తూము గుండా వీధిలోకి పోతుంది. ఏసీ లేని రోజుల్లో గాలీ వెలుతురూ ఇంటి మధ్యలోకి తెచ్చుకున్న ఇంజినీరింగ్ అది. టేకు స్తంభాలు, వాటి మీద దూలాలు, వాసాలు, పైన పెంకు. నేను సహజంగానే నట్టనడుమ నిలబడి, స్తంభాలు రెండు వైపులా సమానంగా వచ్చేలా పెద్ద ఫ్రేమ్ పెడుతున్నాను. మాస్టారు చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు.

"అది తర్వాత. ముందిది తియ్యి."

ఒక స్తంభం. దాని మీద పెన్సిల్ గీతలు, పక్కన పేర్లు, సంవత్సరాలు. పిల్లలు ఎత్తు పెరిగిన లెక్క. తర్వాత వంటింటి గోడలో దీపం గూడు, మసి పట్టి నల్లగా. తర్వాత తూర్పు గది: "మేం నలుగురం పుట్టింది ఇక్కడే." ఆఖరికి వీధి గడప. దశాబ్దాల పసుపు ఇంకిపోయి చెక్క రంగే మారిపోయింది, నడుమ అడుగులు పడీ పడీ చిన్న గుంటలా అరిగింది. మామ్మగారు కాఫీ ఇస్తూ, "దాని ఫోటో ఎందుకయ్యా, మట్టిగా ఉంది" అని తడిగుడ్డ తేబోతే వద్దని బతిమాలాను.

రెండు శనివారాలు వెళ్లాను. నూట యాభై ఫోటోలకు పైనే తీశాను. ఆయన ఒక్కో గది గురించి చెబుతుంటే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేశాను. సంక్రాంతికి వెళ్లేసరికి ఆ స్థలం చుట్టూ రేకులు, లోపల పునాది గోతులు. నాకేం బిల్డర్ మీద కోపం లేదు. నలుగురు వారసులు నాలుగు ఊళ్లలో ఉంటే, వాన కారే ఇల్లు డెబ్బై దాటిన మనిషి ఎలా నెట్టుకొస్తాడు? "పాత ఇల్లు పడగొట్టకూడదు" అని హైదరాబాద్ ఫ్లాట్‌లో ఏసీ కింద కూర్చుని నేను చెప్పడం తేలికే.

కొన్నాళ్లకి అమెరికా నంబర్ నుంచి వాట్సాప్ మెసేజ్. మాస్టారి అమ్మాయి. "తమ్ముడూ, నాన్నగారు నీ నంబరిచ్చారు. గడప ఫోటో ఉందా?" పంపాను. పది నిమిషాలకి ఇంకోటి: "స్తంభం మీద నా పేరున్నది కూడా పంపవా?" రెండు స్తంభాలూ సమానంగా వచ్చిన ఆ పెద్ద ఫ్రేమ్ ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ ఇంటి లోపలి ఫోటోలు నేనెక్కడా పోస్ట్ చేయలేదు. అవి వాళ్లవి.

ఇంతకీ ఫోన్‌తో కట్టడాలు తీసేటప్పుడు పనికొచ్చేవి రెండు మూడే. ఫోన్ పైకి ఎత్తి తీస్తే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. పది అడుగులు వెనక్కి వెళ్లి, ఫోన్ నిటారుగా పట్టుకుని, గ్రిడ్ ఆన్ చేసి తీయండి. వైడ్ లెన్స్ జోలికి పోకండి, గోడలు వంగిపోతాయి. మండువాలో లాగా సగం నీడా సగం ఎండా ఉంటే వెలుగు మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, కాస్త కిందికి జరపండి. మిగతాదంతా యూట్యూబ్‌లో ఉంది.

ఇల్లు కట్టడం సంగతి వచ్చింది కాబట్టి గుంటుపల్లి చెప్పాలి. ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం వెళితే కొండ మీద బౌద్ధ గుహలుంటాయి. క్రీస్తుపూర్వం నాటివి. అక్కడ ఒక గుండ్రటి గుహ, లోపల రాతిలోనే తొలిచిన స్తూపం. తల ఎత్తి కప్పు చూడండి. రాతిలో వాసాలు! మన తీరప్రాంతాల్లో తాటాకు చుట్టిల్లు ఉండేది చూడండి, లోపల పడుకుని పైకి చూస్తే వాసాలన్నీ ఒక చోటికి చేరతాయి కదా, అచ్చం అలాగే. చెక్కతో కట్టడం అలవాటైన చేతులు కొండకీ అదే ఇల్లు చెక్కాయి. అప్పటి చెక్క ఇళ్లు ఒక్కటీ మిగల్లేదు, వాటి ఫోటో కాపీ మాత్రం ఈ రాతిలో ఉండిపోయింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి అది ధర్మలింగేశ్వరుడి గుడి. స్తూపమే శివలింగమైంది. కొందరు చరిత్ర ప్రియులు దీనికి చిరాకు పడతారు. నాకైతే పూజ జరగబట్టే జనం దాన్ని కాపాడుకున్నారేమో అనిపిస్తుంది. అన్నట్టు అది ఏఎస్ఐ రక్షణలో ఉన్న చోటు. పర్మిషన్ లేకుండా డ్రోన్ ఎగరేయకండి. ఫ్లాష్ కూడా వద్దు, వాసాల నీడలన్నీ చచ్చిపోతాయి. ద్వారంలోంచి వచ్చే వెలుగు చాలు.

ఏలూరు నుంచి రైల్లో గంట కూడా పట్టదు తాడేపల్లిగూడెం. మా వైపు "గూడెం" అంటే చాలు. ఇక్కడ పురాతన కట్టడాల కోసం వెతక్కండి, మనుషుల కోసం వెళ్లండి. ఉల్లి మార్కెట్‌లో పొద్దున్నే లారీలు దిగుతుంటాయి. ముఠా కూలీలు వీపు మీద బస్తాతో పలక మీద నడిచే ఆ రెండు సెకన్లు, వెనక ఉల్లిపొట్టు గాల్లో ఎగురుతూ ఎండలో మెరుస్తుంది. అడగకుండా తీస్తే ఊరుకోరు, అడిగితే వద్దనరు. ఒకాయన మాత్రం "బరువు మోస్తుంటే కాదు, దించాక తియ్యి" అన్నాడు. దించాక, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మీసం సరిచేసుకుని నిలబడ్డాడు. ఆ ఉదయం తీసిన వాటిలో అదే మంచి ఫోటో.

గూడెంలో ఇంకో రెండు. హాస్యనటుడు రేలంగి సొంతంగా కట్టించుకున్న సినిమా హాలు రేలంగి చిత్రమందిర్ ఈ ఊళ్లోదే. సింగిల్ స్క్రీన్ హాళ్లని కూడా చరిత్ర కట్టడాల లెక్కలోనే వేసుకోవాలని నా అభిప్రాయం. ఆ టికెట్ కిటికీలు, గ్రిల్స్, పెయింట్‌తో రాసిన బోర్డులు మల్టీప్లెక్స్‌లో దొరకవు. రెండోది, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. విమానాల కోసం వేసిన దాని మీద ఇప్పుడు మార్నింగ్ వాకర్లు, స్కూటీ నేర్చుకునే అమ్మాయిలు, వెనక పరిగెత్తే నాన్నలు.

ఇక కొల్లేరు. ఇక్కడే ఫోటో అబద్ధం చెప్పడం చాలా ఈజీ. సాయంత్రం గట్టు మీద నిలబడితే నారింజ రంగు నీళ్లు, నడుమ సన్నటి గట్లు, ఒక కొంగ. పోస్ట్ చేసి "కొల్లేరు సన్‌సెట్" అని రాసేస్తారు. చాలాసార్లు అది సరస్సు కాదు, చేపల చెరువు. నాకీ తేడా చూపించింది ఒక లంక గ్రామంలో దోనె నడిపే ఆయన. స్క్రీన్ మీద ఫోటో చూసి, "ఇది కొల్లేరంటే మా నాన్న నవ్వుతాడు. గట్టుందంటే చెరువే బాబూ" అన్నాడు.

కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు లాంటివి చాలా వచ్చి కలుస్తాయి. సముద్రంలోకి పోవడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారి. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు దాకా ఉన్న 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. దాన్నే ఇక్కడ ప్లస్ 5 కాంటూరు అంటారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో లోపలి చెరువు గట్లు పేల్చేశారు. పక్షులకి నీళ్లు కావాలి, మనుషులకి బతుకు కావాలి. ఈ రెండిటి గొడవ ఇప్పటికీ తెగలేదు. అందుకే ఇక్కడ తీసిన ఫోటో కింద ఊరు, తేదీ, అది సరస్సా చెరువా అన్నది రాయడం నాకు ఫోటో తీయడమంత ముఖ్యమైపోయింది. గట్లున్న నీళ్లని కొల్లేరని వెయ్యి మంది పోస్ట్ చేస్తే, చూసేవాళ్లకి కొల్లేరంటే అదే అయిపోతుంది. ఫోన్ తేదీనీ లొకేషన్‌నీ దాచుకుంటుంది కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఆ వివరాలు ఊడిపోతాయి. మాస్టారి అమ్మాయికి అందుకే డాక్యుమెంట్‌గా పంపాను.

పక్షులు కావాలంటే కైకలూరు దగ్గర ఆటపాక వెళ్లండి, చలికాలం అయితే మేలు. గూడబాతులు గూళ్లు పెట్టుకోవడానికి అటవీ శాఖ ఇనుప స్టాండ్లు పెట్టింది. పడవలో వెళ్లొచ్చు. ఫోన్ జూమ్‌తో ఈకలు లెక్కపెట్టాలని చూడకండి, పక్షిని చిన్నగా, నీళ్లని పెద్దగా ఉంచండి.

నేను మాత్రం ఎక్కువగా ఆ లంక గ్రామానికే వెళుతున్నాను. తీసిన ఫోటోలు ఏలూరులో ప్రింట్లు వేయించి, వెళ్లినప్పుడల్లా ఎవరివి వాళ్లకి ఇస్తాను. పోయినసారి దోనె ఆయనకి తన ఫోటో ఇస్తే అటూ ఇటూ తిప్పి చూశాడు. వాళ్లావిడ వెనక నుంచి తొంగిచూసి నవ్వింది.

"బాగానే ఉంది కానీ, దోనె సగమే పడింది. ఈసారి మొత్తం పడేలా తియ్యి. లామినేషన్ కూడా చేయించుకురా, ఇక్కడి తేమకి కాగితం ఉబ్బిపోద్ది. డబ్బులు నేనిస్తాలే."