మీ అమ్మాయి అమ్మేదేమిటి?

పిల్లాడు ఫోన్లో ఆట ఆడుకుంటుంటే మధ్యలో సబ్బుదో, నగల కొట్టుదో ప్రకటన వచ్చి కూర్చుంటుంది. ఊరికే వచ్చిందనుకుంటున్నారా? ఆ కాస్త చోటుకి అప్పటికప్పుడు వేలంపాట జరుగుతుంది. మీరుండే ఊరు, మీ ఫోను రకం వగైరాలు చూసుకుని కంపెనీల తరఫున కంప్యూటర్లే పాట పాడతాయి. సెకనులో పదోవంతుకి అటూ ఇటూగా పాట ముగిసి, గెలిచినవాడి బొమ్మ మన కళ్ళముందుకొస్తుంది. ఒక్కసారి చూపిస్తే వచ్చేది పైసల్లోనే గనుక వెయ్యిసార్లకి ఇంత అని ధర కడతారు.

ఈ వ్యవహారం నడిపేవే మొబైల్ యాడ్‌టెక్ కంపెనీలు. అమెరికాలో 2006లో పుట్టిన యాడ్‌మాబ్‌ని 75 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు 2009లో గూగుల్ ప్రకటించింది. మనవాళ్ళూ తక్కువేం తినలేదు. 2007లో ఎంఖోజ్ అనే పేరుతో, ఎస్సెమ్మెస్ ద్వారా సమాచారం వెతికిచ్చే సేవగా మొదలైన ఇన్‌మొబి తర్వాత ప్రకటనలవైపు మళ్ళింది. బెంగళూరు కేంద్రంగా పెరిగిన ఆ కంపెనీకి 2011లో జపాన్ సాఫ్ట్‌బ్యాంక్ 20 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది.

ఇలాంటి చోట్ల డిగ్రీ అయిన పిల్లలు చేరే ఉద్యోగాల్లో సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్ ఒకటి. పేరు పొడుగు కాబట్టి ఎస్‌డీఆర్ అంటారు. మా అక్క కూతురు బెంగళూరులో ఈ పనిలో చేరి రెండేళ్ళయింది. ఎవరైనా "అమ్మాయి ఏం చేస్తోంది?" అంటే అక్క గొంతు తగ్గించి "ఏదో సేల్సండీ" అనేది. సేల్స్ అనగానే మనకి వాక్యూమ్ క్లీనర్ పట్టుకుని గుమ్మమెక్కే కుర్రాళ్ళే కదా గుర్తొచ్చేది!

నిజానికి ఈ పిల్ల ఏదీ అమ్మదు. ప్రకటనలకి డబ్బు పెట్టే కంపెనీలేవో, తమ యాప్‌లో చోటు అమ్ముకోవాలనుకునేవాళ్ళెవరో వెతకాలి. అక్కడ నిర్ణయం ఎవరి చేతిలో ఉందో లింక్డ్‌ఇన్‌లో ఆరా తీయాలి. ఈమెయిల్ రాయాలి, ఫోన్ చెయ్యాలి, మళ్ళీ రాయాలి. జవాబివ్వనివాళ్ళే ఎక్కువ. కొందరు సగం మాటలోనే ఫోన్ పెట్టేస్తారు. ఎవరో ఒకరు "సరే, గురువారం అరగంట మాట్లాడదాం" అన్నారా, ఆ రోజు పండగే. ఆ సమావేశం నుంచి బేరం నడిపేది పైవాళ్ళు.

"పిన్నీ, ఇంగ్లీషు గడగడా మాట్లాడ్డం కాదు, ఎదుటివాళ్ళ యాప్ గురించి ముందే చదువుకుని ఫోన్ చెయ్యడమే అసలు పని" అంటుంది మా పిల్ల. 2021 ఏప్రిల్లో ఆపిల్ కంపెనీ ఒక నిబంధన తెచ్చింది. ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మనమేం చేస్తున్నామో గమనించాలంటే ఐఫోన్ యాప్‌లు ముందుగా మన అనుమతి అడగాలి. "అదొచ్చాక మీ ప్రకటన పనిచేసిందని ఎలా చూపిస్తారు?" అని అవతలివాళ్ళు నిలదీస్తే తడుముకోకూడదు.

ఇక జీతం. పెద్దవాళ్ళం చెవిన వేసుకోవాల్సింది ఇక్కడే ఉంది. మామూలుగా ఇది రెండు ముక్కలు: నెలనెలా తప్పకుండా వచ్చేది ఒకటి, కుదిర్చిన సమావేశాలనిబట్టి వచ్చేది ఇంకొకటి. మా పిల్ల ఒక నెల పదిహేను కుదిర్చితే, ఐదుగురు చెప్పిన వేళకి రాలేదు. ఆ ఐదూ లెక్కలోకి రావన్నారు. అద్దె కట్టాక చేతిలో ఏం మిగల్లేదని అర్ధరాత్రి ఫోన్లో ఏడ్చింది. అక్క "వచ్చేయ్" అంది గానీ అది రాలేదు. అంతకుముందు ఒప్పుకున్న జీతంలో సగానికి సగం ఇలాంటి ముక్కేనని ఇంట్లో ఎవరికీ తెలీదు!

అందుకే ఏడాదికి ఇన్ని లక్షలని వినగానే స్వీట్లు పంచకండి. అందులో ఖాయంగా వచ్చేదెంత, సమావేశం లెక్కకి రావాలంటే ఏం జరగాలి, పని నేర్చుకునే మొదటి నెలల్లో లక్ష్యం తగ్గిస్తారా అన్నవి అమ్మాయి చేత అడిగించండి. జవాబు కాగితం మీద ఉండాలి. ఎన్నాళ్ళకి పై మెట్టు ఎక్కిస్తారో కూడా అడగాలి. ఏళ్ళ తరబడి ఫోన్లే చేస్తూ ఉండిపోవడం ఎవరికైనా కష్టమే.

పనివేళలు ఏ దేశానికి ఫోన్ చెయ్యాలో దాన్నిబట్టి ఉంటాయి. సింగపూర్లో ఉదయం 9 అంటే మనకి 6:30. ఈ డ్యూటీ అయితే పిల్ల సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. లండన్ అయితే వేసవిలో మధ్యాహ్నం 1:30కి మొదలు. కాలిఫోర్నియా అయితే రాత్రి 9:30కి మొదలై తెల్లారుతుంది. రాత్రి డ్యూటీకి ఇంటినుంచి తీసుకెళ్ళి దింపే కారుందో లేదో చేరకముందే తేల్చుకోవాలి. పగలు నిద్రపోయే పిల్లని "ఇంకా లేవలేదా?" అని లేపకండి, చుట్టాలు వచ్చినా సరే. అన్నట్టు, అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ వారం నుంచి మార్చి దాకా మన పిల్ల డ్యూటీ కూడా గంట ఆలస్యం. మా అక్క ఇప్పుడు ఆ తేదీని వంటింటి క్యాలెండర్లో, గ్యాస్ బుక్ చేసిన తేదీ పక్కనే రాసి పెట్టుకుంటోంది.