మందు కొలవాలా, తూచాలా?

తెలుగులో కొలవడం వేరు, తూచడం వేరు. పాలు, వడ్లు కొలుస్తాం. బంగారం తూస్తాం. ఈ రెంటికీ తేడా తెలియాలంటే ఒక చిన్న పని చేయండి. గ్లాసు నిండా బియ్యం పోసి, పైన చేత్తో చదును చేసి, గ్లాసుని బల్లమీద నాలుగుసార్లు మెల్లగా తట్టండి. బియ్యం కిందికి దిగి పైన ఖాళీ వస్తుంది. ఇంకో రెండు చెంచాలు హాయిగా పడతాయి. గ్లాసు మారలేదు, బియ్యం మాత్రం ఎక్కువ పట్టాయి. వెనకటి రోజుల్లో కుంచంతో వడ్లు కొలుస్తుంటే కొనేవాళ్లు రెప్ప వేయకుండా ఎందుకు చూసేవారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కుక్కర్‌లో రెండు చెంచాల బియ్యం ఎక్కువైతే కొంపలేం మునగవు. అదే తేడా తుపాకీ తూటాలో పోసే మందులో వస్తే మాత్రం మునగొచ్చు. (మందు అనగానే హాస్టల్ వైపు చూడకండి, నేను చెప్పేది తుపాకీ మందు గురించి.)

అమెరికాలో చాలామంది షూటింగ్ అభిమానులు వాడేసిన తూటాల ఇత్తడి కేసుల్ని పారేయరు. ఇంటికి తెచ్చి, శుభ్రం చేసి, మళ్లీ నింపుకుంటారు. దాన్నే రీలోడింగ్ అంటారు. మా పెద్దమ్మ కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, అక్కడి పౌరసత్వం ఉంది. అన్నయ్య గ్యారేజీలో కారుకంటే ఈ సామాను ఎక్కువ. వీడియో కాల్‌లో చూస్తూ ప్రశ్నలు వేస్తుంటే నాకు అర్థమైంది ఏంటంటే, మన మెట్రాలజీ ల్యాబ్‌లో రికార్డ్ రాయడం కోసం చేసే పనే అక్కడ ప్రాణం మీద పెట్టుకుని చేస్తున్నారు. అందుకే ఈ వ్యాసం.

ముందుగా చట్టం సంగతి. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్దామనుకునేవాళ్లు ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నా అవి సరిగ్గా తెలియకుండా సరదాకి చెయ్యి పెడితే చదువుతో పాటు వీసా కూడా పోతుంది. కాబట్టి ఇది చేసి చూడమని చెప్పే వ్యాసం కాదు, ఆలోచించి చూద్దామనే వ్యాసం.

గింజ బరువు

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన బుల్లెట్. ప్రైమర్ పేలితే మందు అంటుకుంటుంది, పుట్టిన వాయువు బుల్లెట్‌ని తోస్తుంది. బుల్లెట్ వేగం ఎంత, లోపల పీడనం ఎంత అన్నది చాలావరకు మందు ఎంత పోశామన్నదాని మీద ఆధారపడుతుంది.

ఆ మందుని గ్రాముల్లో కాకుండా గ్రెయిన్లలో లెక్కపెడతారు. గ్రెయిన్ అంటే గింజే. ఒకప్పటి బార్లీ గింజ బరువు నుంచి వచ్చిన కొలమానం. మన కంసాలులు గురివింద గింజతో బంగారం తూచినట్టే అన్నమాట. 7000 గ్రెయిన్లు ఒక పౌండు. ఒక గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. రీలోడింగ్ త్రాసులు మామూలుగా గ్రెయిన్‌లో పదో వంతు వరకు చూపిస్తాయి, అంటే ఆరున్నర మిల్లీగ్రాములు. మన కెమిస్ట్రీ ల్యాబ్ బ్యాలెన్స్‌కి ఇది పెద్ద విషయం కాదు గానీ గ్యారేజీలో బల్లమీద పెట్టి వందసార్లు చేయాలంటే చిన్న పనేం కాదు.

కొలిచే పద్ధతి

ఒక్కో తూటాకీ మందు తూచుకుంటూ కూర్చుంటే రోజంతా పడుతుంది. అందుకని పౌడర్ మెజర్ అనే పరికరం వాడతారు. పైన మందు పోసే గొట్టం, దాన్ని హాపర్ అంటారు. కింద అడ్డంగా తిరిగే డ్రమ్ము, ఆ డ్రమ్ములో ఒక గుంట. హ్యాండిల్ ఒకవైపు తిప్పితే గుంటలో మందు నిండుతుంది, రెండోవైపు తిప్పితే కింద ఉన్న కేసులోకి జారుతుంది. గుంట లోతుని స్క్రూతో పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎంత గొప్ప కంపెనీదైనా ఇది చేసేది ఒకటే, మానికతో కొలవడం. బరువు సంగతి దానికి తెలియదు.

కాబట్టి బియ్యం గ్లాసుకి ఉన్న జబ్బులన్నీ దీనికీ ఉంటాయి. మొదటిది, మందు గింజ ఆకారం. గుండ్రటి బాల్ పౌడర్ ఆవాల్లా జారిపోతుంది కాబట్టి కొలత బాగా కుదురుతుంది. పెన్సిల్ ముక్కల్లా ఉండే పొడుగు గింజలు అడ్డదిడ్డంగా పడి మధ్యలో ఖాళీలు వదులుతాయి. డ్రమ్ము అంచు దగ్గర ఇరుక్కుంటే కరకరమని తెగుతాయి కూడా. అది చేతికి తెలుస్తుంది. తెలిసిన ప్రతిసారీ ఆ కొలతని తిరిగి హాపర్‌లో పోసేయాలని అన్నయ్య నియమం.

రెండోది, హాపర్‌లో మందు ఎత్తు. పైన బరువు ఎక్కువుంటే గుంటలోకి కాస్త గట్టిగా కూరుకుంటుంది. హాపర్ ఖాళీ అవుతున్నకొద్దీ కొలత మెల్లగా మారుతుంది. అందుకే సగానికి తగ్గకుండా చూసుకుంటారు. మధ్యలో బ్యాఫిల్ అనే చిన్న అడ్డు పెడితే పైనున్న బరువంతా గుంట మీద పడకుండా ఉంటుంది. మూడోది, స్టాటిక్ కరెంటు. ప్లాస్టిక్ గొట్టాలకి గింజలు అంటుకుని, ఒక కొలతలో రావలసినవి తర్వాతి కొలతలో రాలతాయి. మందు గింజల మీద గ్రాఫైట్ పూత వేసేది అవి సులువుగా జారడానికీ, ఈ స్టాటిక్ పేరుకోకుండా ఉండడానికీ.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మనిషి చెయ్యి. హ్యాండిల్ ఒకసారి మెల్లగా, ఒకసారి విసురుగా తిప్పితే గ్లాసుని ఒకసారి తట్టి ఒకసారి తట్టకుండా కొలిచినట్టే. ఒకే వేగం, రెండు చివర్లా ఒకేలా ఆపడం. మెల్లగా తిప్పుతారా, గట్టిగా తిప్పుతారా అన్నది ఎవరిష్టం వాళ్లది, కానీ ప్రతిసారీ అలాగే తిప్పాలి. ఫోన్ మోగినా, పక్కన ఎవరైనా మాట్లాడినా ఈ లయ తప్పుతుంది. అందుకే పని మొదలుపెట్టాక అన్నయ్య వీడియో కాల్ కూడా ఎత్తడు.

తూచే పద్ధతి

మరి అన్నీ తూచేస్తే గొడవ వదిలిపోదా? తూచడానికి మంచి దారే ఉంది. పౌడర్ మెజర్‌తో కావలసినదానికంటే కాస్త తక్కువ పోసి, పళ్లెం త్రాసు మీద పెట్టి, ట్రిక్లర్ అనే చిన్న గొట్టాన్ని వేళ్లతో తిప్పుతూ గింజ గింజగా కలుపుకుంటూ వెళ్తారు. కూరలో ఉప్పు మొదట తక్కువ వేసి చివర్లో సరిచూసుకున్నట్టు.

కానీ త్రాసుని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఎలక్ట్రానిక్ త్రాసు వేడెక్కేకొద్దీ సున్నా జరుగుతుంది. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి తగిలితే అంకెలు ఊగుతాయి. పాతకాలపు బీమ్ త్రాసుకి కరెంటు బాధ లేదు గానీ దుమ్ము పడినా, బల్ల కదిలినా తేడా వస్తుంది. అందుకే బరువు ముందే తెలిసిన చెక్ వెయిట్‌తో మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పరీక్ష చేస్తారు. మనం వెర్నియర్‌కి జీరో ఎర్రర్ చూసుకున్నట్టే.

ఎంత తేడా అయితే తేడా?

నాకు బాగా నచ్చిన భాగం ఇది. 100 గజాల దూరంలో పోటీపడే బెంచ్‌రెస్ట్ షూటర్లు ప్రపంచంలోకెల్లా గురి ఉన్నవాళ్లు. వాళ్లలో చాలామంది మందు తూచరు, పౌడర్ మెజర్‌తో కొలిచి పోసేస్తారు. 1000 గజాలకి కాల్చేవాళ్లేమో ఒక్క గింజ తేడా కూడా పట్టే ఖరీదైన త్రాసులు కొంటారు. ఎందుకిలా?

లెక్క వేద్దాం. బుల్లెట్ వేగం సెకనుకి 800 మీటర్లు అనుకోండి. గాలి నిరోధాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం. 100 మీటర్లు వెళ్లడానికి 0.125 సెకను పడుతుంది. ఆలోగా గురుత్వాకర్షణ దాన్ని సుమారు 7.7 సెంటీమీటర్లు కిందికి లాగుతుంది. మందు కొంచెం తగ్గి వేగం 3 మీటర్లు పడిపోయిందనుకుందాం, అంటే 0.375 శాతం. కింద పడే దూరం కాలం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అది సుమారు 0.75 శాతం పెరుగుతుంది. 7.7 సెంటీమీటర్లలో 0.75 శాతం అంటే దాదాపు 0.6 మిల్లీమీటరు. కాగితం మీద కనబడదు కూడా. ఇప్పుడు దూరం 900 మీటర్లు చేయండి. దూరం 9 రెట్లు, తేడా 81 రెట్లు. అర మిల్లీమీటరు కాస్తా నాలుగున్నర సెంటీమీటర్లు దాటింది. గాలి నిరోధం కలిపితే ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఎంత కచ్చితంగా కొలవాలన్న ప్రశ్నకి త్రాసులో జవాబు దొరకదు. మనం దేనికోసం కొలుస్తున్నామో అక్కడ దొరుకుతుంది.

ఇది గురి సంగతి. ప్రాణం సంగతి వేరే లెక్క. రైఫిల్ తూటాలో సుమారు 40 గ్రెయిన్ల మందు పడితే, 0.3 గ్రెయిన్ తేడా ఒక శాతం కూడా కాదు. పిస్టల్ తూటాలో త్వరగా మండే మందు 4 గ్రెయిన్లే పోస్తారనుకోండి. అదే 0.3 గ్రెయిన్ ఇక్కడ ఏడున్నర శాతం! పైగా పీడనం మందుతో సమానంగా పెరగదు. పీడనం పెరిగితే మంట వేగం పెరుగుతుంది, మంట వేగం పెరిగితే పీడనం ఇంకా పెరుగుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. .38 స్పెషల్ లాంటి కేసులు నల్లమందు కాలంలో పుట్టినవి కాబట్టి లోపల చోటు ఎక్కువ. ఇప్పటి మందు అడుగున కాస్తే ఉంటుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపోదు, నిండుగా కూడా కనబడదు. అలాంటి తూటా తుపాకీనే పగలగొట్టగలదు, పట్టుకున్న చేతి సంగతి చెప్పక్కర్లేదు. అసలు మందే పోయకపోయినా ప్రమాదమే. ప్రైమర్ బలం ఒక్కటే బుల్లెట్‌ని గొట్టంలోకి తోసి మధ్యలో వదిలేస్తుంది. అది చూసుకోకుండా ఇంకోటి కాలిస్తే గొట్టం చీలుతుంది.

సగటు చెప్పని నిజం

పౌడర్ మెజర్ సరిగా పెట్టామో లేదో ఎలా తెలుసుకోవాలి? చాలామంది పది కొలతలు ఒకే పళ్లెంలో పోసి, మొత్తం తూచి, పదితో భాగిస్తారు. త్రాసు పదో వంతే చూపించినా సగటు నూరో వంతు వరకు వస్తుంది. తెలివైన పద్ధతే. కానీ సగమే సరిపోతుంది. అయిదు కొలతలు 4.8, అయిదు కొలతలు 5.2 వచ్చాయనుకోండి. సగటు చక్కగా 5.0. అసలు 5.0 ఉన్న తూటా ఒక్కటీ లేదు. సగటు చూస్తే అంతా బాగున్నట్టే. చేతిలో పట్టుకుని కాల్చేది మాత్రం సగటు తూటాని కాదు, ఒక్కో తూటాని.

అందుకే రెండూ చేయాలి. గుంట ఎక్కడ పెట్టాలో తేల్చడానికి పదీ కలిపి తూచాలి. చెదురు ఎంతుందో తెలియడానికి పదీ విడివిడిగా తూచాలి. స్టాటిస్టిక్స్ క్లాసులో మీన్, స్టాండర్డ్ డీవియేషన్ అని రెండు ఎందుకు నేర్పారో నాకు ఇక్కడ తెలిసింది.

డబుల్ చార్జ్ లాంటి తప్పుని ఈ లెక్కలేవీ పట్టుకోవు. దాన్ని పట్టేది క్రమం. బల్లమీద ఒక్క రకం మందు డబ్బానే ఉండాలి. మాన్యువల్‌లో చెప్పిన మొదటి మోతాదుతోనే మొదలుపెట్టాలి, గరిష్ఠంతో కాదు. మందు పోసిన కేసులన్నీ చిల్లులున్న చెక్కలో వరసగా నిలబెట్టి, బుల్లెట్ బిగించేముందు టార్చ్ వేసి ప్రతి కేసులోకీ తొంగిచూడాలి. ఒకదాంట్లో మట్టం ఎక్కువగా గానీ తక్కువగా గానీ కనిపిస్తే మందు తిరిగి పోసేయాలి. పని అయ్యాక హాపర్‌లో మిగిలింది దాని డబ్బాలోకే వెళ్లాలి. ఇందులో ఖరీదైన పరికరం టార్చ్ ఒక్కటే!

మనలో ఎక్కువమంది జీవితంలో తూటా నింపరు. కానీ ఈ లెక్కతో పని పడేవాళ్లు మనలో చాలామంది ఉంటారు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఫార్మా ఫ్యాక్టరీలనే తీసుకోండి. ట్యాబ్లెట్ ప్రెస్‌లో డై అనే గుంట ఉంటుంది, పొడి అందులోకి ఘనపరిమాణం లెక్కన నిండుతుంది. అంటే అక్కడా మానికతో కొలవడమే. పొడి సరిగా జారకపోతే ఒక బిళ్లలో ఎక్కువ, ఒక బిళ్లలో తక్కువ. అందుకే ఫార్మకోపియా పరీక్షలో 20 బిళ్లలు తీసి ఒక్కొక్కటీ విడిగా తూస్తారు, సగటు ఒక్కటి చూసి వదిలేయరు. బీపీ బిళ్ల వేసుకునే మన అమ్మమ్మకి ఫ్యాక్టరీ సగటుతో పని లేదు. ఆవిడ వేసుకునే ఆ ఒక్క బిళ్ల సరిగా ఉండాలి.

తుపాకీ మందైనా, మింగే మందైనా వేగం కావాలంటే కొలవండి, నమ్మకం కావాలంటే తూచండి. కొలిచేటప్పుడు చెయ్యి ఒకేలా ఆడాలి, తూచేముందు త్రాసుని పరీక్షించాలి. ఆ తర్వాత కూడా మూత పెట్టేముందు ఒకసారి లోపలికి తొంగిచూడాలి.