అశ్వగంధతో స్ట్రెస్, నీరసం నిజంగా తగ్గుతాయా?

"బ్రో, ఆఫీస్ స్ట్రెస్ ఎక్కువైంది, ఎప్పుడూ నీరసమే, అశ్వగంధ వాడొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. సరే, దీనికి ఎవిడెన్స్ ఎంతుందో చూద్దాం.

అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డ. వేరు గుర్రం వాసన వస్తుందని ఆ పేరు. ఆయుర్వేదంలో ఎప్పటినుంచో వాడుతున్నారు, నిజమే. కానీ అది ఒక్కటే ప్రూఫ్ అయిపోదు. మా సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫీచర్ పనిచేస్తుందో లేదో తేల్చాలంటే యూజర్లని రెండు గ్రూపులు చేస్తాం. మందుకీ అంతే. ఒక గ్రూపుకి అసలు మందు, ఇంకో గ్రూపుకి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి క్యాప్సూల్.

2012లో పబ్లిష్ అయిన ఇలాంటి స్టడీ ఒకటి మన హైదరాబాద్‌లోనే చేశారు. స్ట్రెస్‌తో ఉన్న 64 మంది, 60 రోజులు. వేరు ఎక్స్‌ట్రాక్ట్ 300 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. వాడినవాళ్లలో స్ట్రెస్ స్కోర్ 44 శాతం తగ్గింది, ఉత్తుత్తి గ్రూపులో 5.5 శాతమే. కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ కూడా 27.9 శాతం తగ్గింది, అవతల 7.9.

సూపర్ కదా? ఆగండి. 64 మంది అంటే చిన్న స్టడీ. 2023లో 120 మంది మీద 12 వారాలు ఇంకో స్టడీ చేశారు. అందులో నీరసం తగ్గింది కానీ, స్ట్రెస్ స్కోర్‌లో రెండు గ్రూపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఉత్తుత్తి క్యాప్సూల్ వేసుకున్నవాళ్లకీ స్ట్రెస్ తగ్గింది మరి! అంటే ఎవిడెన్స్ ఉంది, కానీ రీల్స్‌లో చెప్పేంత లేదు.

ఇంకో పాయింట్. స్టడీల్లో వాడింది కొలత ప్రకారం తయారుచేసిన ఎక్స్‌ట్రాక్ట్. మీరు పాలలో కలుపుకునే చెంచాడు పొడికి ఆ నంబర్లు వర్తించవు.

"నేచురల్ కదా, ఏమవుతుంది?" అనకండి. అరుదుగానే అయినా లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. డెన్మార్క్ 2023లో దీన్ని బ్యాన్ చేసింది. ప్రెగ్నెంట్‌గా ఉన్నవాళ్లు వాడకూడదు. థైరాయిడ్, షుగర్, బీపీ, నిద్ర మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపేసి హాస్పిటల్‌కి వెళ్లండి.

అన్నిటికన్నా ముఖ్యం: వారాల తరబడి నీరసంగా ఉంటే ముందు రక్త పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్. రక్తం తక్కువగా ఉంటే అశ్వగంధ దాన్ని నింపదు, అసలు సమస్య దొరకడం ఆలస్యమవుతుంది, అంతే.

ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈ వీడియో వాళ్లకి పంపండి. డౌట్స్ ఉంటే కామెంట్ చేయండి. బై!