బాధితురాలిని అడగవలసిన ప్రశ్న

రాత్రి భోజనాల దగ్గర పేపరు చదువుకోవడం మా హాస్టల్‌లో అలవాటు. ఒకరోజు ఒక అమ్మాయిపై జరిగిన అత్యాచారం వార్త చదివాం. వెంటనే మాలో ముగ్గురు నలుగురం ఒకే మాట అన్నాం, "ఆ వేళప్పుడు ఆ పిల్ల అక్కడికెందుకెళ్ళింది?" అని. ఎదురుగా కూర్చున్న ఎనిమిదో తరగతి తమ్ముడు కంచం పక్కన పెట్టేశాడు. "మా అప్పనీ అందరూ ఇలాగే అడిగినారన్నా. అందుకే సదువు మానీసింది" అన్నాడు. ఆ రాత్రి మాకు ముద్ద దిగలేదు. ఈ వ్యాసం ఆ తమ్ముడికి మా జవాబు.

స్త్రీలపై హింసను బాధితుల పక్షాన నిలబడి పరిశోధించినవారు మన తెలుగునాట ఉన్నారు. వారిలో ఒకరు హైదరాబాదుకు చెందిన ఆచార్య కల్పన కన్నబిరాన్. పౌరహక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్, రచయిత్రి వసంత కన్నబిరాన్‌ల కుమార్తె. 1991లో మొదలైన 'అస్మిత' మహిళా సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించారు. 2002లో తల్లితో కలిసి వెలువరించిన ఆంగ్ల వ్యాస సంపుటి శీలం, పరువు, అధికారం అనే మూడు మాటల చుట్టూ సాగుతుంది. 2005లో ఆమె సంపాదకత్వంలో వచ్చిన సంకలనం పేరుకు అర్థం 'మామూలు రోజుల హింస'. యుద్ధాలు, అల్లర్లు లేని రోజుల్లో కూడా ఇంట్లో, వీధిలో హింస జరుగుతూనే ఉంటుందని ఆ పేరే చెబుతోంది.

పరువు అనే మాట మన బొబ్బిలివాళ్ళకు కొత్త కాదు. 1757 జనవరిలో కోట పడిపోతుందని తెలిశాక, శత్రువు చేతికి చిక్కకూడదని లోపలి ఆడవాళ్ళనూ పిల్లలనూ తమవాళ్ళే చంపేశారని చరిత్రకారులు రాశారు. ఆ పౌరుషం మనకు గర్వకారణమే. కానీ బతకాలని ఉందా అని ఆ తల్లులను ఎవరైనా అడిగారా? స్త్రీని కుటుంబం పరువుగా చూసినంతకాలం ఆమె ప్రాణం, ఆమె చదువు రెండో వరసలోనే ఉంటాయి.

చట్టంలోనూ ఈ చూపు ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి 354వ సెక్షన్ స్త్రీపై దౌర్జన్యాన్ని ఆమె శీలానికి భంగంగా చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్‌లోనూ ఆ మాట అలాగే ఉంది. శీలాన్ని తూచడం మొదలైతే విచారణ నేరస్తుణ్ణి వదిలి ఆమె మీదికి మళ్ళుతుంది.

మన విశాఖ మన్యంలోని వాకపల్లి సంగతి చూడండి. 2007 ఆగస్టు 20న పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ స్త్రీలు చెప్పారు. తీర్పు వచ్చేసరికి 2023 ఏప్రిల్ అయింది. దర్యాప్తు లోపాలవల్ల నిందితులు విడుదలయ్యారు. అయినా ఆ స్త్రీలకు నష్టపరిహారం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. అంటే నేరం రుజువు కాకపోయినా బాధితుల బాధ్యత ప్రభుత్వానిదే.

మిత్రులారా, ఇవి గుర్తుంచుకోండి. ఫిర్యాదు ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. అత్యాచార బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు ఉచితంగా వైద్యం చేయాలి. పేరు బయటపెట్టడం నేరం. స్త్రీలకూ ఎస్సీ, ఎస్టీలకూ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. పరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112.

తమ్ముడూ, ఆ రాత్రి మేము తప్పు ప్రశ్న అడిగాం. ఇకమీదట "ఎందుకెళ్ళింది?" అనం. "అమ్మా, నీకేం కావాలి?" అని అడుగుతాం. మీ అప్ప మళ్ళీ చదువుకుంటానంటే ఓపెన్ స్కూల్ దరఖాస్తు తెచ్చి నింపి పెట్టే పూచీ మాది.