వ్యాయామం మందైతే దానికీ పరీక్ష కావాలి

గుండె ఆపరేషన్ అయి ఇంటికి బయల్దేరేవాళ్ల చేతిలో పెట్టే డిశ్చార్జి కాగితంలో ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా అన్నదంతా రాసి ఉంటుంది. చాలాచోట్ల చివర్లో మాత్రం ‘రోజూ నడవండి’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఎంతసేపు, ఎంత వేగంగా, ఏ వారం నుంచి, ఎంత ఆయాసం వస్తే ఆపాలి అన్న ఊసుండదు. వ్యాయామం ఎవరికైనా మంచిదే, అందులో తేల్చడానికేముంది అన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకం రోగులకు నష్టం చేస్తోందని నా అభిప్రాయం. వ్యాయామాన్ని చికిత్స అన్నాక దానికీ మోతాదు ఉంటుంది, వేళ ఉంటుంది, పనిచేయని సందర్భాలూ ఉంటాయి. వాటిని తేల్చడానికి మందుకు పెట్టే పరీక్షే దీనికీ పెట్టాలి.

బెంగళూరులో అలాంటి పరీక్ష జరిగింది. నారాయణ హృదయాలయలో బైపాస్ చేయించుకున్న 300 మందిని చీటీలు తీసినట్టు 150 మంది చొప్పున రెండు జట్లుగా విడదీశారు. మామూలు ఫిజియోథెరపీ అందరికీ ఇచ్చారు. దానిమీద ఒక జట్టుకు యోగాతో కూడిన జీవనవిధానం, రెండో జట్టుకు ఫిజియోథెరపీ వ్యాయామాలతో కూడిన జీవనవిధానం నేర్పారు. ఏడాది ఫలితాలు 2014లో ఇండియన్ హార్ట్ జర్నల్‌లో వచ్చాయి. ఇందులో నాకు నచ్చింది రెండో జట్టే. వాళ్లను ఊరికే వదిలేసి ఉంటే, యోగా జట్టు కోలుకున్నది ఆసనాల వల్లా, ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం వల్లా అన్నది ఎప్పటికీ తేలేది కాదు. యోగా జట్టులో ఒత్తిడి, ఆందోళన, దిగులు ఎక్కువగా తగ్గాయి. గుండె ముడుచుకున్న ప్రతిసారీ ఎడమ గదిలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతుందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ మాత్రం అందరిలో కాదు, మొదట్లో అది తక్కువగా ఉన్నవాళ్లలోనే మెరుగ్గా కనిపించింది. ఒకే ఆస్పత్రి, అందులోనూ ఒక చిన్న గుంపు. ఆశ పెట్టుకోవడానికి ఇది చాలు, యోగాతో గుండె బాగుపడుతుందని బోర్డు పెట్టడానికి చాలదు.

ఆ ఆశ ఎంతవరకు నిలుస్తుందో చూసింది ‘యోగా-కేర్’ అనే పెద్ద పరిశోధన. దేశంలోని 24 ఆస్పత్రుల్లో, గుండెపోటు వచ్చిన 3,959 మంది మీద చేశారు. ఒక జట్టుకు 13 తరగతుల యోగా, రెండో జట్టుకు మూడుసార్లు ఆరోగ్య సలహాలు. మరణం, మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో హఠాత్తుగా ఆస్పత్రిలో చేరడం, వీటిలో ఏదో ఒకటి జరిగినవాళ్లు యోగా జట్టులో 6.7 శాతం, రెండో జట్టులో 7.4 శాతం. ఈ తేడా యాదృచ్ఛికంగానైనా వచ్చి ఉండవచ్చని 2020లో పరిశోధకులే ప్రకటించారు. యోగా జట్టువాళ్లు పాత పనుల్లోకి బాగా తిరిగి రాగలిగారు. తమ ఆరోగ్యానికి తాము వేసుకున్న మార్కుల్లో మాత్రం తేడా వందకు ఒకటిన్నరే. కనీసం పది తరగతులకు వచ్చినవాళ్లకు ప్రమాదాలు తక్కువన్న మాట కూడా ఉంది. దాన్ని పట్టుకుని యోగా గెలిచిందనేవాళ్లున్నారు. కానీ పది తరగతులకు రాగలిగినవాళ్లు మొదటినుంచీ కాస్త ఓపిక ఉన్నవాళ్లే అయి ఉండవచ్చు కదా.

నడకవల్ల నష్టమేముంది, దానికి ఇంత తతంగమెందుకు అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు ‘అవర్ట్’ అనే పక్షవాత పరిశోధనలో ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లను మొదటి 24 గంటల్లోనే మంచం మీంచి లేపి, ఎక్కువసార్లు కూర్చోబెట్టి, నిలబెట్టి, నడిపిస్తే తొందరగా కోలుకుంటారని వైద్యులు గట్టిగా నమ్మేవారు. అయిదు దేశాల్లో 2,104 మంది మీద పరీక్షించి 2015లో లాన్సెట్‌లో ప్రచురించారు. మూడు నెలలకు పెద్ద వైకల్యం లేకుండా తేరుకున్నవాళ్లు మామూలు పద్ధతిలో 50 శాతం, తొందరపెట్టిన జట్టులో 46 శాతం. మంచి ఉద్దేశంతో చేసిన పనే కొందరిని వెనక్కి నెట్టింది. తర్వాత మోతాదుల లెక్క తీస్తే, లేపినప్పుడల్లా కొద్దిసేపే ఉంచి, ఎక్కువసార్లు లేపడం మేలని తేలింది. ‘త్వరగా నడిపించండి’ అని ఒక్క ముక్కలో రాసి ఉంటే ఈ తేడా ఎవరికీ పట్టేది కాదు.

ఫలితం రాని పరిశోధనలకు డబ్బు తగలేయడం ఎందుకన్నది మరో అభ్యంతరం. దీనికి జవాబుగా ఒక ఉదాహరణ. ఫిజియోథెరపిస్టులు సరిపడా లేని మన దేశంలో పక్షవాత రోగి ఇంట్లోవాళ్లకే వ్యాయామాలు నేర్పితే బాగుంటుందని అందరికీ తోచింది. 14 ఆస్పత్రుల్లో 1,250 మందిపై జరిపిన అటెండ్ పరిశోధన దీన్ని పరీక్షించింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఒకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి రెండు జట్లలోనూ 47 శాతమే. ఇది 2017లో తేలింది. తేలకపోయి ఉంటే, కోడళ్లకూ కూతుళ్లకూ నాలుగు పాఠాలు చెప్పి ఇదే చికిత్స అనడం ప్రభుత్వాలకు ఎంత సులువో ఆలోచించండి. శిక్షణ పొందిన థెరపిస్టుల అవసరం తీరలేదని చెప్పడానికి ఈ రుజువు మనకు అక్కరకొస్తుంది.

వ్యాయామాన్ని పరీక్షించడం కష్టమన్నది నిజమే. ఉత్తుత్తి మాత్ర ఇవ్వవచ్చు, ఉత్తుత్తి నడక నడిపించలేం. తాను చేస్తున్నదేమిటో రోగికి తెలిసిపోతుంది. అందుకే కొలిచేవాళ్లకు ఎవరు ఏ జట్టో తెలియనివ్వరు, కొలతను కట్టుదిట్టం చేస్తారు. ఆరు నిమిషాల నడక పరీక్షనే చూడండి. 30 మీటర్ల వరండా, రెండు చివరలా రెండు కోన్లు, అలసిపోతే కూర్చోడానికి కుర్చీ, స్టాప్‌వాచ్. చూడ్డానికి ఇంతే. కానీ వరండా పొట్టిదైతే మలుపులు పెరిగి దూరం తగ్గిపోతుంది. పక్కనున్నవాళ్లు ఉత్సాహపరిస్తే దూరం పెరుగుతుంది. అందుకని నిమిషానికోసారి, ముందే రాసిపెట్టుకున్న మాటలే, ఒకే గొంతుతో చెప్పాలన్నది 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ పెట్టిన నియమం. ప్రేమతో అన్న ‘ఇంకొంచెం నడవండి’ కూడా లెక్కను పాడుచేస్తుంది.

బెంగళూరులోని నిమ్హాన్స్ ఆస్పత్రిలో నరాల జబ్బుల పునరావాసానికి ప్రత్యేక విభాగమే ఉంది. అక్కడి సెయింట్ జాన్స్ ఆస్పత్రిలోనూ పునరావాస వైద్య విభాగం ఉంది. మిమ్మల్నో, మీవాళ్లనో ఇలాంటి చోట పరిశోధనలో చేరమని అడిగితే భయపడనక్కర్లేదు. 2007 నుంచి నడుస్తున్న క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో అది నమోదైందో లేదో అడగండి, మీ జట్టుకు ఏమిస్తారో, రెండో జట్టుకు ఏమిస్తారో అడగండి. చేరాక వ్యాయామం మధ్యలో మానేసినా సిగ్గుపడి మొహం చాటేయకండి, చివరి కొలతకు తప్పకుండా వెళ్లండి. మానేసినవాళ్లు లెక్కలోంచి జారిపోతే మిగిలేది ఓపికున్నవాళ్ల ఫలితమే. మీ తర్వాత ఆ మంచం మీదకొచ్చే రోగికి అది పనికిరాదు.