కొండబాటకు సెల్‌ఫోను పటము

కామారెడ్డికిని ఎల్లారెడ్డికిని నడుమనున్న తాడ్వాయి గురుకుల పాఠశాలలో చదువుకొనిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, 13 ఏండ్ల ప్రాయమున, ఎవరెస్టు శిఖరమును అధిరోహించినది. నాటినుండి కొండలెక్కుట మన ప్రాంతపు పిల్లలకు దూరపు ముచ్చటగా తోచుట లేదు. సెలవు దినము వచ్చినదన్న నలుగురు మిత్రులు కూడి జుక్కల్ మండలములోని కౌలాస్ కోటకు పోవుదురు. పోచారము చెరువు చూచి ఆ పక్క అడవివైపు దృష్టి సారింతురు. ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉండును. అందు దారి చూపు యాప్ ఒకటి ఉండును. ఇంటిలోని పెద్దలకు అదియే ధైర్యము. ఆ ధైర్యము ఎంతవరకు తగినది, కొండకును అడవికిని పోవువారు ఎట్టి యాప్‌ను ఎన్నుకొనవలెను అను విషయమును ఈ ప్రసంగమున విచారింతము.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. టవరు అందనిచోట ఫోను మనమున్న తావును తెలుపజాలదని పలువురి తలంపు. ఇది సరికాదు. ఫోను మాటలాడుటకు టవరుతో ఇచ్చిపుచ్చుకొను సంబంధము కావలెను. కాని తావు కనుగొను పనిలో ఫోను కేవలము వినునదే. మీ ఇంటిలోని రేడియో ఎట్లు ప్రసారమును అందుకొనునే గాని తిరిగి ఏమియు పంపదో, ఫోనులోని జీపీఎస్ భాగమును అట్లే ఉపగ్రహములు పంపు సంకేతములను వినుచుండును. ఆ సంకేతము అడవిలోను, గుట్టపైనను, ఊరిలోను ఒక్కటే. దానికి రీచార్జితో పని లేదు.

విని తావు కనుగొనుట ఎట్లన్న సందేహము కలుగును. మెరుపు మెరసిన పిమ్మట ఉరుము వినబడువరకు లెక్కించి, మూడు సెకనులకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగెంత దూరమున పడినదో చెప్పవచ్చును. ఉపగ్రహముల లెక్కయు ఇట్టిదే. జీపీఎస్ ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తాము సంకేతమును పంపిన వేళను అందే చేర్చి పంపును. ఆ సంకేతము సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగమున వచ్చి మనలను చేరుటకు సెకనులో పదవవంతైనను పట్టదు. ఆలస్యమును బట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసినచో మన అక్షాంశము, రేఖాంశము, ఎత్తు, ఫోను గడియారపు తప్పు నాలుగును తేలిపోవును. వేళలో సెకనులో పదిలక్షలవ వంతు తప్పినచో తావు 300 మీటర్లు తప్పును. అందుచేతనే ఉపగ్రహములలో అణు గడియారములను అమర్చిరి. అమెరికావారి జీపీఎస్ వలెనే రష్యాకు గ్లోనాస్, ఐరోపాకు గెలీలియో, చైనాకు బైడూ కలవు. మన దేశపు నావిక్ వ్యవస్థలోని మొదటి ఉపగ్రహమును 2013లో ప్రయోగించిరి. నేటి ఫోనులు ఇట్టి వానిలో పెక్కింటిని ఒక్కమారే వినగలవు. బయలున ఐదు మీటర్ల అంతరములో తావు చెప్పగల ఫోను, దట్టమైన చెట్లక్రిందను, నిలువు బండల చెంతను ఇంకను ఎక్కువ తడబడును.

అయినచో ఇక చిక్కెక్కడ? చిక్కు పటములో ఉన్నది. ఉపగ్రహము చెప్పునది రెండు మూడు అంకెలు మాత్రమే. ఆ అంకెలకు అర్థము చెప్పునది పటము. సాధారణముగా యాప్‌లు పటమును అప్పటికప్పుడు ఇంటర్నెట్ ద్వారా తెచ్చుకొనును. టవరు అందని లోయలో నీలి చుక్క వెలుగుచునే ఉండును. దాని చుట్టును తెల్లని కాగితము తప్ప మరేమియు కనబడదు. కనుక యాప్‌కు పెట్టవలసిన మొదటి పరీక్ష ఇది: పటమును ముందుగా ఇంటియొద్దనే ఫోనులో దించుకొను వీలున్నదా? దించుకొనిన పిదప విమాన మోడ్‌లో పెట్టి, పటము నిండుగా కనబడుచున్నదో లేదో ఇంటి ముంగిటనే చూచుకొనవలెను. ఈ పరీక్షకు ఐదు నిమిషములు చాలును.

రెండవ పరీక్ష, ఆ పటమునకు మన గుట్టలు తెలియునా అనునది. పటమనునది ఆకాశమునుండి ఊడిపడునది కాదు. ఎవరో నడచి, కొలచి, గీసినది. 1802లో మద్రాసునొద్ద విలియం లాంబ్టన్ ఆరంభించిన మహా భూకొలత 78వ రేఖాంశపు పొంతన ఉత్తరమునకు సాగినది. 1815లో బీదరు ప్రాంతమున ఆధార రేఖను కొలిచిరి. మన ఎల్లారెడ్డి ఆ రేఖాంశమునకు ఇంచుక తూర్పుననే యున్నది. కొండ శిఖరములపై గురుతులు నిలిపి, కోణములు కొలుచుచు నాటివారు పడిన శ్రమయే తరువాతి పటములకు పునాది. సర్వే ఆఫ్ ఇండియావారి పటములలో ఒక సెంటీమీటరు అర కిలోమీటరుకు సమానమైన తరగతి పాదచారికి మిక్కిలి అనువైనది. వీనిని ఉచితముగా దించుకొను వీలును 2017లో కల్పించిరి.

ఆ పటములలో గోధుమ రంగు వంకర గీతలు కనబడును. ఇవి సమోన్నత రేఖలు. ఒకే ఎత్తున ఉన్న తావులన్నిటిని కలుపు గీతలివి. ఒక గీతకును మరియొక గీతకును ఎత్తులో 20 మీటర్ల భేదముండును. గీతలు ఎడమెడముగా నున్నచో నేల మెల్లగా ఎక్కుచున్నదనియు, దగ్గర దగ్గరగా నున్నచో నిలువుగా లేచినదనియు గ్రహింపవలెను. ఈ గీతలు లేని యాప్ రెండు ఊళ్ళ నడుమ రెండు కిలోమీటర్లే కదా యని చూపును. నడుమ నిటారు బండ యున్న సంగతి చెప్పదు. రోడ్డుపై కారు నడుపువారికి ఈ గీతలతో పని లేదు. గుట్ట ఎక్కువారికి ఇవియే కన్నులు.

కాలిబాటల సంగతి వేరు. లోకములోని పలు యాప్‌లు 2004లో ఇంగ్లండులో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను సామూహిక పటముపై ఆధారపడినవి. దానిని స్వచ్ఛందముగా పనిచేయు సామాన్యులే గీయుచున్నారు. గీయువారున్నచోట పటము నిండుగా నుండును. లేనిచోట బోసిగా నుండును. కనుక మీరెరిగిన తావుతోనే దానిని పరీక్షింపుడు. మీ ఊరి చెరువు, కట్ట, వాగు, చెలకలకు పోవు బండిబాట, తండాకు పోవు అడ్డదారి అందున్నవా? మీరెరిగిన దారియే అందు లేనప్పుడు, ఎరుగని అడవిదారిని అది చూపునని నమ్ముట తగదు. లోపము కనబడినచో మీరే దానిని చేర్చవచ్చును. పేర్లను తెలుగులోను వ్రాయవచ్చును. ఆ మేలు మీ తరువాత వచ్చు బాటసారికి చెందును.

మూడవ పరీక్ష మా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది. మన గుట్టలలో గీసిన దారులు తక్కువ. పశువులు నడచిన జాడలు ఎక్కువ. అవి పది పాయలై చీలును. పోవునప్పుడు ఏ జాడయైనను శిఖరమునకే చేర్చును. తిరిగి దిగునప్పుడు ఒక్క జాడ మాత్రమే మీరు విడిచిన బండియొద్దకు చేర్చును. తప్పిపోవువారు పెక్కుమంది దిగునప్పుడే తప్పుదురు. కనుక యాప్ మన అడుగుజాడను ఎప్పటికప్పుడు గీతగా వ్రాసికొని, ఆ గీతవెంటనే వెనుకకు నడిపింపగలదై యుండవలెను. ఈ గుణమున్నచో పటము బోసిగా నున్నను నష్టము లేదు. మనమే మన దారిని గీసికొనుచు పోవుదుము.

ఇక పేర్లు పెట్టి చెప్పుదము. గూగుల్ మ్యాప్స్ కామారెడ్డి స్టేషనునుండి కొండ క్రింది ఊరివరకు పోవుటకు మిక్కిలి మంచిది. దాని పటమును దించుకొనవచ్చును గాని, ఇంటర్నెట్ లేనప్పుడు అది వాహనమునకు దారి చెప్పునే గాని నడచువానికి చెప్పదు. మన దేశపు మ్యాపుల్స్ ఊళ్ళను, రోడ్లను వెదకుటకు ఉపకరించును. ఆర్గానిక్ మ్యాప్స్ ఉచితము, ప్రకటనలు లేవు, పటమంతయు ముందే ఫోనులో చేరును, సమోన్నత రేఖలును, అడుగుజాడ వ్రాయు సౌకర్యమును కలవు. మొదటిసారి పోవువారికి దీనినే మేము సూచింతుము. ఓస్మ్‌ఆండ్ అంతకంటె సమర్థమైనది. కాని నేర్చుకొనుటకు ఓర్పు కావలెను, పూర్తి సౌకర్యములకు రుసుము చెల్లింపవలెను. ఆల్‌ట్రెయిల్స్ ఇతరులు నడచిన దారులను చూపునట్టిది. అమెరికాలోనో ఐరోపాలోనో ఉన్న మన పిల్లలకు అది చక్కగా అక్కరకు వచ్చును. పటమును దించుకొనుటకు అందు రుసుము కలదు. ఏ యాప్‌ను ఎన్నుకొనినను దుకాణములో దానికి ఎన్ని చుక్కల మెప్పు దక్కినదో చూడక, పైన చెప్పిన మూడు పరీక్షలతో తేల్చుకొనవలెను.

యాప్ ఎంత మంచిదైనను ఫోను ఆరిపోయినచో అది పలకకుండును. టవరు అందనిచోట ఫోను టవరును వెదకి వెదకియే బ్యాటరీని హరించును. కనుక విమాన మోడ్‌లో పెట్టవలెను. చాలా ఫోనులలో జీపీఎస్ అప్పుడును పనిచేయును. తెర వెలుగు తగ్గింపవలెను. పవర్ బ్యాంకు వెంట నుంచుకొనవలెను. అయస్కాంతమున్న తొడుగు ఫోనులోని దిక్సూచిని తప్పుదారి పట్టించును. దానిని ముందే తీసివేయుడు. ఫోనును త్రాటితో మెడకో సంచికో కట్టుకొనుట చిన్న సంగతి కాదు. 2022 డిసెంబరులో కామారెడ్డి జిల్లా అడవిలో బండల సందున జారిపడిన ఫోనును తీయబోయి ఒక వ్యక్తి తానే ఆ సందున చిక్కుకొనెను. అధికారులు బండలు పగులగొట్టి అతనిని వెలికి తీయుటకు సుమారు రెండు దినములు పట్టినది. ఫోను పోయినచో పోనిండు. ప్రాణము దానికంటె చౌక కాదు.

మరియొక మాట. పటము నిన్నటిది, వాగు నేటిది. 2025 ఆగస్టు చివరి వారమున కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టికి రోడ్లును, రైలు మార్గమును కొట్టుకొనిపోయినవి. అంతటి రహదారులే తెగినప్పుడు అడవిలోని కాలిబాట గతి యేమి? ఏ యాప్‌లోను ఆ గండి ఆనాడే కనబడదు. వానకాలమున రేడియోలో వాతావరణ సూచన విని బయలుదేరుడు. పారుచున్న వాగును పటమును నమ్మి దాటకుడు. పోచారము అభయారణ్యములో ఎలుగుబంట్లును, చిరుతపులులును కలవు. అటవీశాఖ అనుమతి లేక అడుగిడరాదు. దారి అడుగుటకు పశువుల కాపరిని మించినవాడు లేడు. విదేశమునందలి బంధువులు పంపు ఉపగ్రహ ఫోనులను, సందేశ యంత్రములను ప్రభుత్వ అనుమతి లేక మన దేశమున వాడుట నేరమని గూడ గుర్తుంచుకొనవలెను.

ఆపద కలిగినప్పుడు 112కు పిలుపు చేయుడు. మీ కంపెనీ టవరు లేకున్నను, మరియొక కంపెనీ టవరు అందినచో ఆ పిలుపు చేరును. ఏ టవరును అందనిచోట అదియు చేరదు. అందుచేత బయలుదేరుటకు ముందే ఒక కాగితముపై ఏ గుట్టకు, ఏ దారిని, ఎవరెవరు, ఎన్ని గంటలకు తిరిగివత్తురో వ్రాసి ఇంటిలో ఇచ్చిపోవలెను. చెప్పిన వేళ దాటినచో ఎవరికి తెలుపవలెనో ఇంటివారు ముందే ఎరిగి యుండవలెను. పిల్లలు కొండకు పోవుదుమన్నచో పెద్దలు వలదని అడ్డుపడ నక్కరలేదు. ఆ కాగితమును అడిగి పుచ్చుకొని, విమాన మోడ్‌లో పటము చూపుమని ఒక్కమారు అడిగినచో చాలును.